‘ఇల్లీగల్’: పనికి తగలాల్సిన మాట మనిషికి తగులుతోంది

కట్టడం ఇల్లీగల్, ప్లాటు ఇల్లీగల్, ఉద్యోగం ఇల్లీగల్, కాపురం ఇల్లీగల్, చివరికి ఆ కాపురంలో పుట్టిన బిడ్డ కూడా ఇల్లీగల్. తహసీల్దారు ఆఫీసు వరండాలో, మున్సిపల్ సిబ్బంది నోట, టీవీ స్క్రోలింగుల్లో రోజూ వినపడే మాట ఇది. ఎవరూ అర్థం అడగనంతగా తెలుగులో కలిసిపోయింది. పత్రికల్లో దీనికి జోడీగా ‘అక్రమ’ నడుస్తోంది. అక్రమ నిర్మాణం, అక్రమ లేఅవుట్, అక్రమ వలస, అక్రమ సంబంధం, అక్రమ సంతానం. ఇన్ని వేర్వేరు సంగతులకు ఒకే ముద్ర సరిపోతుందా అంటే, సరిపోదు. నేరానికి ఒక దారి, చెల్లని ఒప్పందానికి ఒక దారి, అనుమతి తీసుకోని పనికి ఒక దారి, పద్ధతిలో జరిగిన లోపానికి మరో దారి చట్టంలో ఉన్నాయి. అన్నింటినీ ఒక్క మాటలో కలిపేశాక మిగిలేది అనుమానమే. ఆ అనుమానం తప్పు చేసినవాడి మీద కంటే, చేతిలో కాగితం లేనివాడి మీదే ఎక్కువగా వాలుతోంది. నా ఫిర్యాదంతా ఇదే.

ముందుగా చట్టం ఏమంటుందో చూద్దాం. మెకాలే ఆధ్వర్యంలో ముసాయిదాగా మొదలై, 1860లో శాసనమై, 1862 జనవరి 1 నుంచి అమలైన భారత శిక్షాస్మృతిలో 43వ సెక్షన్ ఈ మాటను నిర్వచించింది. మూడు రకాల పనులు దాని కిందకు వస్తాయి. నేరమైనది ఒకటి. చట్టం నిషేధించినది రెండోది. సివిల్ దావాకు ఆస్కారమిచ్చేది మూడోది. అంటే ఇల్లీగల్ అన్నంత మాత్రాన జైలు అని అర్థం కాదు. కేవలం నష్టపరిహారం కోరదగిన పని కూడా ఇందులో ఉంది. నిర్వచనం అక్కడితో ఆగలేదు. ఏ పని చేయకపోవడం ఇల్లీగల్ అవుతుందో, ఆ పని చేయడానికి ఆ వ్యక్తి చట్టరీత్యా బద్ధుడని రెండో భాగం చెబుతుంది. 2024 జులై 1న శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చినప్పుడు కూడా ఈ నిర్వచనాన్ని రెండు భాగాలతోనే తెచ్చుకున్నారు.

మనం మొదటి భాగాన్ని రోజూ వాడుతున్నాం, రెండో భాగాన్ని పూర్తిగా మరిచిపోయాం. పాత స్మృతిలో ఈ రెండో భాగాన్ని కళ్లకు కట్టే ఉదాహరణ ఒకటుంది. ఇద్దరు జైలర్లు ఆరేసి గంటల చొప్పున వంతులు వేసుకుని ఒక ఖైదీని కాపలా కాస్తుంటారు. అతన్ని చంపాలన్న ఉద్దేశంతో ఎవరి వంతులో వాళ్లు తిండి పెట్టడం మానేస్తారు. ఖైదీ ఆకలితో చనిపోతాడు. కత్తి ఎత్తినవాడు లేడు, కొట్టినవాడు లేడు. పెట్టాల్సిన తిండి పెట్టకపోవడమే అక్కడ ఇల్లీగల్. ఇద్దరూ హంతకులేనని స్మృతి తేల్చింది. అధికారంలో ఉన్నవాడు చేయాల్సింది చేయకుండా ఊరుకోవడం కూడా ఈ మాట కిందకు వస్తుందని చట్టం మొదటి నుంచీ చెబుతోంది. తనిఖీకి రాని అధికారి, నోటీసు ఇవ్వని కార్యాలయం, భర్తీ చేయాల్సిన ఖాళీని ఏళ్ల తరబడి వదిలేసిన శాఖ, వీళ్లందరి విషయంలోనూ అడగదగిన ప్రశ్న ఇది. తిండి పెట్టని జైలరంతటి నేరస్థులని అనడం లేదు. విధి విస్మరణకు కూడా అదే మాట వర్తిస్తుందని మాత్రం గుర్తుచేస్తున్నాను.

చెల్లకపోవడం వేరు, చట్టవిరుద్ధం కావడం వేరు అన్న తేడా కూడా ఇక్కడే చెప్పుకోవాలి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం మైనరు చేసిన ఒప్పందం చెల్లదు. అంతమాత్రాన ఆ పిల్లవాడు నేరం చేసినట్టు కాదు. అదే చట్టంలో 30వ సెక్షన్ పందెం ఒప్పందాలు చెల్లవంటుంది. గెలిచినవాడు కోర్టుకెక్కి డబ్బు రాబట్టుకోలేడు. అయితే చెల్లని ఒప్పందమంతా చట్టవిరుద్ధం కాదని, పందెపు వ్యాపారం కోసం పెట్టుకున్న భాగస్వామ్యం ఆ ఒక్క కారణంతో చెల్లకుండా పోదని 1959లో ఘెరూలాల్ పరఖ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. జూదాన్ని నేరంగా చేసిన చట్టాలు వేరే ఉన్నాయి, వాటి సంగతి వేరు. న్యాయమూర్తులు ఇంత ఓపికగా విడదీసిన గీతను మనం ఒక్క మాటతో చెరిపేస్తున్నాం. తెలుగులో మాటలకు కొదవా? నేరం, నిషిద్ధం, చెల్లనిది, అనధికారం, అవకతవక అని అన్నింటికీ విడివిడిగా పేర్లున్నాయి. కాగ్ నివేదికల వార్తల్లో పెద్ద శాఖల్లో కోట్లు దారి తప్పినప్పుడు ‘అవకతవకలు’ అంటాం. పేదవాడి రేకుల షెడ్డు దగ్గరికి వచ్చేసరికి ‘అక్రమం’ అంటాం.

ఈ తేడా జేబుకు ఎలా తగులుతుందో హైదరాబాద్ చుట్టుపక్కల ప్లాటు కొన్నవాళ్లను అడగాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007 డిసెంబరు 31న, తెలంగాణలో 2015లో, మళ్లీ 2020 ఆగస్టు 31న లేఅవుట్ల క్రమబద్ధీకరణ నిబంధనలు వచ్చాయి. ఎల్ఆర్ఎస్ అని అందరూ పిలిచేవి ఇవే. వాటి అసలు పేరులోనే రెండు మాటలున్నాయి: అనుమతి లేని, ఇల్లీగల్ లేఅవుట్లు. రెండూ ఒకటే అయితే రెండు మాటలెందుకు? ఇక ‘అక్రమం’, ‘క్రమబద్ధీకరణ’ అన్న జంటను గమనించండి. క్రమం తప్పినదాన్ని క్రమంలో పెట్టవచ్చన్న ఒప్పుకోలు తెలుగు పేరులోనే ఉంది. నేరాన్ని ఎవరూ ఫీజు కట్టించుకుని క్రమబద్ధీకరించరు. ప్రభుత్వం ఫీజు తీసుకుని సరిచేయగలిగిన లోపాన్ని, అంతకుముందు రోజు వరకూ చట్టవిరుద్ధమని బెదిరించడంలో అర్థం లేదు.

ఒక మధ్యతరగతి కుటుంబం ప్లాటు కొన్న తీరు చూడండి. ఊరి బయట వ్యవసాయ భూమిని ఒక వ్యాపారి కొంటాడు. రాళ్లు పాతి, మట్టి రోడ్లు వేసి, నంబర్లు రాసి, ఫ్లెక్సీలు కడతాడు. లేఅవుట్లకు అనుమతినిచ్చే హెచ్ఎండీఏ నుంచో, డీటీసీపీ నుంచో అనుమతి తీసుకోడు. పార్కుకు వదలాల్సిన స్థలమూ వదలడు. ఆ రాళ్లు రోడ్డు మీద పోయేవాళ్లందరికీ కనిపిస్తాయి. గ్రామ పంచాయతీకి కనిపిస్తాయి, రెవెన్యూ సిబ్బందికీ కనిపిస్తాయి. కొనేవాళ్లు సబ్ రిజిస్ట్రార్ కార్యాలయానికి వెళితే స్టాంపు డ్యూటీ కట్టించుకుని, ఫొటోలు తీసి, వేలిముద్రలు వేయించి, దస్తావేజు చేతికిస్తారు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం దస్తావేజు నమోదు చేయడమే సబ్ రిజిస్ట్రార్ పని తప్ప హక్కు తేల్చడం కాదు. ఈ సంగతి చదువుకున్నవాళ్లకే సరిగా తెలియదు. ప్రభుత్వ ముద్ర పడింది కాబట్టి అంతా సక్రమమనే నమ్ముతారు. 2020 ఆగస్టు చివర్లో తెలంగాణ ప్రభుత్వం అనుమతి లేని ప్లాట్ల రిజిస్ట్రేషన్లను నిలిపేసినప్పుడు, అదే దస్తావేజు పట్టుకున్న కుటుంబం అమ్ముకోలేక, కట్టుకోలేక ఇరుక్కుపోయింది. సుమారు 25 లక్షల దరఖాస్తులు వచ్చాయంటే ఈ ఇరకాటం ఎంత పెద్దదో తెలుస్తుంది.

ఇప్పుడు డబ్బు ఎవరు కట్టాలో చూడండి. లేఅవుట్‌లో ఖాళీ స్థలం వదలకపోతే ప్లాటు విలువలో 14 శాతం చెల్లించాలని నిబంధన. ఖాళీ స్థలం వదలనిది వ్యాపారి. కట్టేది కొన్నవాడు. వ్యాపారి ఎప్పుడో మరో ఊళ్లో మరో వెంచర్ మొదలుపెట్టి ఉంటాడు. రిజిస్ట్రేషన్ రోజున ఒకసారి, క్రమబద్ధీకరణ రోజున మరోసారి ఖజానాకు డబ్బు చేరింది. ‘ఇల్లీగల్ ప్లాటు’ అన్న ముద్ర మాత్రం ఇల్లు కట్టుకుందామని పైసాపైసా కూడబెట్టినవాళ్లకు దక్కింది. అనుమతి లేదని తెలిసీ, చవకగా వస్తోందని కొన్నవాళ్లు లేరా? ఉన్నారు. వాళ్ల బాధ్యత వాళ్లు మోయాల్సిందే. అయితే ఆ బాధ్యత అమ్మినవాడి కంటే, చూస్తూ ఊరుకున్న కార్యాలయం కంటే పెద్దది ఎలా అవుతుంది?

చెరువుల సంగతి ఇంకా జటిలం. 2024 జులైలో తెలంగాణ ప్రభుత్వం చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా సంస్థను ఏర్పాటు చేశాక, చెరువు నిండినప్పటి నీటి హద్దు అయిన ఎఫ్‌టీఎల్, దాని చుట్టూ ఖాళీగా వదలాల్సిన బఫర్ జోన్ అన్న మాటలు ఇంటింటి మాటలయ్యాయి. చెరువును మింగేసిన కట్టడం ఊరందరికీ చేటు. దాన్ని వదిలేయాలని ఎవరూ అనరు, నేనూ అనను. కానీ ఎంతటి అక్రమ కట్టడాన్నయినా సక్రమంగానే కూల్చాలి. అమీన్‌పూర్‌లో ఆదివారం నాడు జరిపిన కూల్చివేతపై ఆ సెప్టెంబరు నెలాఖరులో తెలంగాణ హైకోర్టు హైడ్రా కమిషనర్‌నూ, తహసీల్దారునూ నిలదీసింది. సెలవు రోజున ఆ తొందరేమిటని అడిగింది. కోర్టులు మూసి ఉన్న రోజున ఇల్లు కోల్పోయినవాడు ఎవరి దగ్గరికి పోతాడు?

అదే ఏడాది నవంబరు 13న జస్టిస్ బీఆర్ గవాయ్, జస్టిస్ కేవీ విశ్వనాథన్‌ల ధర్మాసనం బుల్డోజర్ కూల్చివేతలపై ఇచ్చిన తీర్పు ఈ మాటలో మనం మరిచిపోయిన రెండో భాగాన్ని తిరిగి తెచ్చింది. ముందుగా నోటీసు ఇవ్వాలి, కనీసం 15 రోజులు గడువుండాలి. నోటీసును రిజిస్టర్డ్ పోస్టులో పంపాలి, ఆ కట్టడానికీ అంటించాలి. యజమాని వాదన వినాలి. తుది ఉత్తర్వు ఇచ్చాక కూడా అప్పీలుకు వెళ్లడానికి వ్యవధి ఇవ్వాలి. కూల్చివేతను వీడియో తీయాలి. రోడ్లు, ఫుట్‌పాత్‌లు, రైలు పట్టాల పక్క స్థలాలు, నదులు, చెరువుల వంటి చోట్ల ఉన్న అనధికార కట్టడాలకు ఈ రక్షణ వర్తించదని కూడా స్పష్టంగా చెప్పింది. అన్నిటికంటే ముఖ్యమైనది, ఈ ఆదేశాలు మీరి కూల్చితే ఆ ఆస్తిని తిరిగి నిలబెట్టే ఖర్చును బాధ్యుడైన అధికారి తన సొంత జేబు నుంచి భరించాలన్నది. ఒక కట్టడం అక్రమమని ప్రకటించిన అధికారి చేసిన పని కూడా ఇల్లీగల్ కావచ్చునని, అప్పుడు దాని ధర ఆయనే చెల్లించాలని దేశంలో అత్యున్నత న్యాయస్థానం చెప్పింది. మన పత్రికల్లో ఈ తీర్పు ‘బుల్డోజర్‌కు బ్రేక్’ అన్న శీర్షికల దగ్గరే ఆగిపోవడం విచారకరం.

దేశం దాటితే ఈ మాట మరింత కటువవుతుంది. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల, నిర్మల్ పల్లెల్లో ‘ఖల్లివల్లి’ అంటే తెలియనివాళ్లుండరు. పోనీలే, వదిలెయ్ అనే అర్థంలో అరబ్బులు వాడే మాట అది. యజమానిని వదిలి బయటపడి, కాగితాలు లేకుండా గల్ఫ్‌లో దొరికిన పని చేసుకునేవాడికి మనవాళ్లు పెట్టుకున్న పేరుగా మారింది. కడప, అన్నమయ్య, గోదావరి జిల్లాల నుంచి కువైట్‌లో ఇంటిపనికి వెళ్లే ఆడవాళ్ల బతుకుల్లోనూ ఇదే కథ. ఆ మనిషి ఖల్లివల్లి ఎలా అయ్యాడు? సౌదీలో నివాస అనుమతి పత్రమైన ఇకామాను తీసుకోవాల్సిందీ, రెన్యువల్ చేయించాల్సిందీ, దాని ఫీజు కట్టాల్సిందీ యజమానేనని అక్కడి కార్మిక చట్టమే చెబుతుంది. ఆయన కట్టకపోతే గడువు తీరేది కార్మికుడి కాగితానికి. జీతం అడిగినందుకు కోపమొచ్చి, పారిపోయాడని ‘హురూబ్’ కేసు పెడితే, కార్మికుడు వీధిలో నడవడమే నేరమవుతుంది. యజమాని చేయాల్సింది చేయలేదు. చట్టవిరుద్ధుడన్న పేరు మాత్రం కార్మికుడికి.

విజిట్ వీసా మీద వెళ్లి, తెలిసే ఉండిపోయేవాళ్లూ ఉన్నారు. అయినా వీళ్లలో చాలామందిని అక్కడిదాకా నడిపించినది ఊరి ఏజెంటు మాట, మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు. సౌదీ అరేబియా 2017 మార్చిలో 90 రోజుల గడువుతో, యూఏఈ 2018లో, మళ్లీ 2024 సెప్టెంబరు నుంచి డిసెంబరు వరకూ ఇలాంటివాళ్లకు జరిమానా లేకుండా ఇంటికి పోయే అవకాశమిచ్చాయి. మన పత్రికలు దాన్ని ‘క్షమాభిక్ష’ అని రాస్తాయి. ఆ మాట రాసేటప్పుడు ఒక్క క్షణం ఆగాలనిపిస్తుంది. పది నెలల జీతం ఎగ్గొట్టించుకుని, పాస్‌పోర్టు యజమాని బీరువాలో ఉండిపోగా, రాయబార కార్యాలయం ఇచ్చిన అవుట్‌పాస్‌తో శంషాబాద్‌లో దిగే మనిషిని ఏ నేరానికి క్షమించారు? రావాల్సిన జీతం సంగతి ఎవరు తేలుస్తారు? ఇంటికి పంపడంతో కాగితం లెక్క సరిపోతుంది. అతని బాకీ లెక్క అక్కడే మిగిలిపోతుంది.

అమెరికాలోనూ ఈ మాట చుట్టూ పెద్ద తగవే నడిచింది. అసోసియేటెడ్ ప్రెస్ వార్తా సంస్థ 2013 ఏప్రిల్‌లో తన భాషా నియమావళిని మార్చుకుంది. ఇల్లీగల్ అన్నది పనికి వాడాలి, మనిషికి వాడకూడదు అని విలేకరులకు చెప్పింది. దొడ్డిదారిన సరిహద్దు దాటడం చట్టవిరుద్ధమని రాయండి, దాటిన మనిషిని ‘ఇల్లీగల్ ఇమ్మిగ్రెంట్’ అని రాయకండి అన్నది దాని సారం. ఇది సుతిమెత్తని మాటల కోసం పడ్డ తాపత్రయం అనుకుంటే పొరపాటు. దేశం నుంచి పంపేయదగిన విదేశీయుడు అక్కడ ఉండిపోవడం సాధారణంగా నేరం కాదని అంతకు ఏడాది ముందే, 2012లో, అరిజోనా కేసులో అమెరికా సుప్రీంకోర్టు రాసింది. పంపేయవచ్చు, అది సివిల్ ప్రక్రియ. అనుమతి లేకుండా సరిహద్దు దాటడం నేరమే. వీసా మీద వచ్చి గడువు దాటి ఉండటం వేరు. మన పిల్లల్లో చాలామంది ఈ రెండో రకం చిక్కుల్లోనే పడతారు.

2019 జనవరి చివర్లో మిషిగన్ రాష్ట్రంలోని ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయం వ్యవహారం బయటపడ్డప్పుడు తెలుగు రాష్ట్రాల్లో ఎన్నో ఇళ్లలో పొయ్యి వెలగలేదు. తొలి విడతలో అదుపులోకి తీసుకున్న 130 మంది విద్యార్థుల్లో 129 మంది భారతీయులు, వాళ్లలో తెలుగువాళ్లు ఎక్కువ. ఆ విశ్వవిద్యాలయం పెట్టింది ఎవరో దొంగ కాదు, అమెరికా ప్రభుత్వ సిబ్బందే. వీసా మోసాలను పట్టుకోవడానికి వేసిన వల అది. అక్కడ తరగతులు లేవని, అధ్యాపకులు లేరని తెలిసీ, ఉద్యోగం చేసుకోవడానికి పేరు నమోదు చేయించుకున్నారన్నది ఆ ప్రభుత్వ వాదన. గుర్తింపు ఉందని నమ్మి ఫీజు కట్టామన్నది పలువురు విద్యార్థుల వాదన. కట్టిన ఫీజుకు చదువు చెప్పలేదంటూ దాఖలైన దావాను కింది కోర్టు కొట్టేస్తే, 2024లో ఫెడరల్ సర్క్యూట్ అప్పీల్ కోర్టు దాన్ని మళ్లీ నడవనిచ్చింది. విద్యార్థులంతా అమాయకులని నేను అనడం లేదు. వాళ్లను ‘ఇల్లీగల్ స్టూడెంట్స్’ అని ఒక్క మాటలో తేల్చిన మన చానెళ్లు, ఫీజు తీసుకున్న చేతుల గురించి ఎంతసేపు మాట్లాడాయని అడుగుతున్నాను.

మన దేశపు పౌరసత్వ చట్టంలోకి ‘ఇల్లీగల్ మైగ్రెంట్’ అన్న మాట 2003 సవరణతో వచ్చింది. దాని ఫలితం పుట్టే బిడ్డ దాకా పోయింది. 2004 డిసెంబరు 3 నుంచి ఇక్కడ పుట్టినవారి తల్లిదండ్రుల్లో ఒకరు భారత పౌరులే అయినా, రెండోవారు ఆ నిర్వచనం కిందకు వస్తే ఆ బిడ్డకు జన్మతః పౌరసత్వం రాదు. సరిహద్దు దాటినది ఆ బిడ్డ కాదు కదా.

బిడ్డల ప్రస్తావన వచ్చింది కాబట్టి, ‘అక్రమ సంతానం’ గురించి మాట్లాడకుండా ముందుకు పోలేను. 2018 సెప్టెంబరు 27న జోసెఫ్ షైన్ కేసులో సుప్రీంకోర్టు శిక్షాస్మృతిలోని 497వ సెక్షన్‌ను కొట్టేసింది. వివాహేతర సంబంధం విడాకులకు కారణం కావచ్చు, నేరం మాత్రం కాదు. తర్వాత కొన్ని పత్రికలు ‘వివాహేతర సంబంధం’ అని రాయడం అలవాటు చేసుకున్నాయి, మంచిదే. జిల్లా పేజీల్లో, చానెళ్ల క్రైం వార్తల్లో ‘అక్రమ సంబంధం’ నేటికీ రాజ్యమేలుతోంది. పెద్దల సంబంధానికే నేరమన్న ముద్ర పోయాక, పుట్టిన పసివాడికి అక్రమమన్న ముద్ర ఎందుకు మిగలాలి?

1955 నాటి హిందూ వివాహ చట్టంలోని 16వ సెక్షన్, 1976 సవరణ తర్వాత, చెల్లని పెళ్లి ద్వారా పుట్టిన పిల్లలు కూడా చట్టబద్ధ సంతానమేనని చెబుతోంది. పెళ్లి చెల్లకపోవచ్చు, బిడ్డ చెల్లకపోవడమన్నది లేదు. తల్లిదండ్రుల బంధాన్ని చట్టం ఒప్పుకోకపోయినా బిడ్డ పుట్టుకను దానితో ముడిపెట్టకూడదని, బిడ్డ నిర్దోషి అని 2011లో రేవణసిద్ధప్ప కేసులో జస్టిస్ సింఘ్వీ, జస్టిస్ గంగూలీల ధర్మాసనం రాసింది. ఆ పిల్లల ఆస్తి హక్కు ప్రశ్నపై 2023 సెప్టెంబరు 1న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం తుది మాట చెప్పింది. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో తండ్రికి వచ్చే వాటాలో ఆ పిల్లలకు హక్కుంది. పుట్టుకతో నేరుగా కుటుంబ వాటాదారులు మాత్రం కారు. సగం దూరమే నడిచిందనిపించినా, నడిచిన దిక్కు సరైనదే. అదే ఏడాది ఆగస్టులో సుప్రీంకోర్టు లింగ వివక్షతో కూడిన మాటలపై ఒక కరదీపిక వెలువరించి, అలాంటి బిడ్డను పెళ్లి చేసుకోని తల్లిదండ్రుల సంతానం అని మామూలుగా చెప్పమంది. అయినా భరణం గురించి కొత్తగా రాసుకున్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో ‘లెజిటిమేట్, ఇల్లెజిటిమేట్’ అన్న విభజన అలాగే ఉంది. ఇద్దరికీ భరణం ఇవ్వాలనే ఆ సెక్షన్ చెబుతోంది. హక్కు సమానమైనప్పుడు రెండు పేర్లతో పిలవాల్సిన పనేముంది?

ఇక ఉద్యోగాల దగ్గరికి వస్తే, ఇల్లీగల్‌కూ ఇర్రెగ్యులర్‌కూ ఉన్న సన్నని గీత మీద వేలాది కుటుంబాలు ఇరవై ఏళ్లుగా నిలబడి ఉన్నాయి. 2006 ఏప్రిల్ 10న కర్ణాటక ప్రభుత్వం వర్సెస్ ఉమాదేవి కేసులో అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం తీర్పునిచ్చింది. నోటిఫికేషన్, పోటీ లేకుండా దొడ్డిదారిన చేరినవాళ్లను పర్మినెంట్ చేయడం మిగతా నిరుద్యోగుల సమానావకాశాన్ని కాజేయడమేనని చెప్పింది. ఆ మాటలో న్యాయముంది. ఏళ్ల తరబడి పోటీ పరీక్షలకు చదివే పిల్లలకు అది అండ. అయితే అదే తీర్పులోని 53వ పేరా ఇంకో సంగతి కూడా చెప్పింది. మంజూరైన పోస్టులో, తగిన అర్హతలున్న మనిషి, కోర్టు ఉత్తర్వుల అండ లేకుండా పదేళ్లకు పైగా పనిచేస్తుంటే, ఆ నియామకం ఇర్రెగ్యులర్ మాత్రమే, ఇల్లీగల్ కాదు. అలాంటివాళ్లను ఒక్కసారికి క్రమబద్ధీకరించమంది. పోస్టే లేకపోతే, లేదా అర్హతే లేకపోతే అది ఇల్లీగల్ అని, ఎంపిక పద్ధతిలో మాత్రమే లోపముంటే ఇర్రెగ్యులర్ అని 2010లో ఎంఎల్ కేసరి కేసులో సుప్రీంకోర్టు మరింత తేటగా విడమరిచింది.

తర్వాత జరిగిందేమిటి? తీర్పులోని మొదటి సగాన్ని ప్రభుత్వాలు బల్లల మీద పెట్టుకున్నాయి, 53వ పేరాను సొరుగులో వేశాయి. అర్జీ పెట్టిన ప్రతి కాంట్రాక్టు ఉద్యోగికీ ‘మీ నియామకం ఇల్లీగల్, ఉమాదేవి తీర్పు ఉంది’ అన్న జవాబు అచ్చుపోసినట్టు వచ్చింది. నియమించింది ఎవరు? జీతం బిల్లు మీద నెలనెలా సంతకం పెట్టింది ఎవరు? ఖాళీ ఉందని తెలిసీ నోటిఫికేషన్ వేయనిది ఎవరు? ఉద్యోగిని నియమించిన చేయి తన తప్పునే ఉద్యోగి మీద నేరంగా మోపుతోంది. జూనియర్ కాలేజీలో పదిహేనేళ్లు భౌతికశాస్త్రం చెప్పిన కాంట్రాక్టు లెక్చరర్‌ను తీసుకోండి. పీజీ పట్టా ఉంది, పోస్టు మంజూరై ఉంది, పిల్లలు పాసై ఇంజనీర్లయ్యారు. పక్క గదిలో అదే పాఠం చెప్పే రెగ్యులర్ లెక్చరర్‌కు వచ్చే జీతంలో సగం కూడా రాక, ఏటా రెన్యువల్ ఉత్తర్వు కోసం ఎదురుచూస్తూ బతికిన మనిషి. ఆయన్ను చట్టవిరుద్ధమనడానికి నోరెలా వస్తుంది?

2024 డిసెంబరు 20న సుప్రీంకోర్టు ఈ అన్యాయాన్ని పేరు పెట్టి పిలిచింది. కేంద్ర జల సంఘం కార్యాలయంలో 1990ల నుంచి ఊడ్చి, తుడిచి, మొక్కలకు నీళ్లు పోసిన కొద్దిమంది కార్మికులను 2018లో ఒక్క ఉత్తర్వుతో తీసేశారు. పార్ట్‌టైమ్ అన్నారు, అర్హత లేదన్నారు. జస్టిస్ విక్రమ్‌నాథ్, జస్టిస్ ప్రసన్న వరాలేల ధర్మాసనం ఆ తొలగింపును రద్దు చేసి, వాళ్లను క్రమబద్ధీకరించమంది. ఉమాదేవి తీర్పు ఇల్లీగల్‌కూ ఇర్రెగ్యులర్‌కూ మధ్య గీసిన గీతను ప్రభుత్వ సంస్థలు గుర్తించకుండా, దీర్ఘకాలం పనిచేసినవాళ్ల న్యాయమైన కోరికలను తోసిపుచ్చడానికి ఆ తీర్పునే వాడుకుంటున్నాయని స్పష్టంగా రాసింది.

తెలంగాణ హైకోర్టు ముందుకూ ఇదే ప్రశ్న వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కాలపు 1994 నాటి రెండో నంబరు చట్టం రోజుకూలీ నియామకాలను నిషేధించి, తాత్కాలిక నియామకాలకు కట్టుబాట్లు పెట్టింది. తెలంగాణ ప్రభుత్వం 2016లో జీవో 16తో ఆ చట్టానికి 10ఏ సెక్షన్ చేర్చుకుని, 2023 ఏప్రిల్ 30న 5,544 మంది కాంట్రాక్టు ఉద్యోగులను క్రమబద్ధీకరించింది. వాళ్లలో జూనియర్ లెక్చరర్లే ఎక్కువ. నిరుద్యోగులు సవాలు చేశారు. వాళ్ల ఆవేదన కూడా తోసిపారేయదగినది కాదు. 2024 నవంబరులో హైకోర్టు ఆ సెక్షన్ రాజ్యాంగవిరుద్ధమని కొట్టేసింది. ఇకపై ఆ దారిన క్రమబద్ధీకరణలు కుదరవు. అప్పటికే క్రమబద్ధమైనవాళ్లను మాత్రం, ఏళ్ల తరబడి చేసిన సేవను లెక్కలోకి తీసుకుని, కదిలించలేదు. ప్రభుత్వం రాసుకున్న సెక్షన్ పోయింది. పాఠం చెబుతున్న లెక్చరర్లు తమ తరగతి గదుల్లోనే ఉన్నారు.